ఇంటి వంట, ఇంటి బేకింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మేము బ్రెడ్డు ఇంట్లోనే చేసుకుంటామని తెలిసినప్పటి నుంచి బంధువులు, పక్కింటివారు, పిల్లల స్నేహితుల తల్లిదండ్రులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పిన జవాబులను ఇలా ఒకచోట చేర్చాను. మాది ఇద్దరం ఉద్యోగాలకు వెళ్లే ఇల్లు. ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ ఉన్నారు. సెలవురోజు సరదాగా చేసేవాటికంటే, పనిరోజుల్లో అలసిపోయి వచ్చిన సాయంత్రాల్లో పనికివచ్చిన పద్ధతులే ఇక్కడ ఎక్కువగా ఉంటాయి.

పొద్దంతా పనిచేసి వచ్చాక బ్రెడ్డు చేసే తీరిక ఎవరికుంటుంది?

బ్రెడ్డుకు పట్టే సమయం వేరు, మనకు పట్టే సమయం వేరు. రెండింటినీ కలిపి లెక్కవేసుకోవడం వల్లే చాలామంది జంకుతారు. పిండి కలపడానికి 5 నిమిషాలు, పిసకడానికి 10 నిమిషాలు, ఆకారం చేసి పాత్రలో పెట్టడానికి మరో 5 నిమిషాలు. మన చేతిపని అంతే. మిగిలిన గంటలన్నీ ఈస్ట్‌వి, ఓవెన్‌వి.

ఆ గంటలను మన వీలుకు తగ్గట్టు సాగదీసేది ఫ్రిజ్. ఈస్ట్ ప్రాణమున్నది. వెచ్చగా ఉంటే చురుగ్గా, చల్లగా ఉంటే నిదానంగా పనిచేస్తుంది. వెచ్చని గదిలో గంటన్నరలో రెట్టింపయ్యే ముద్ద, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో రాత్రంతా తీరుబడిగా పులుస్తుంది.

మా ఇంట్లో వరుస ఇది. రాత్రి భోజనాలయ్యాక ఒకరు గిన్నెలు కడుగుతుంటే ఇంకొకరు పిండి కలుపుతారు. 500 గ్రాముల పిండి, 325 గ్రాముల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్. పిసికిన ముద్దను అరగంట బయట ఉంచి, మూతపెట్టి ఫ్రిజ్‌లోకి చేరుస్తాం. మర్నాడు సాయంత్రం ఇంటికి ముందు వచ్చినవారు దాన్ని తీసి, ఆకారం చేసి, నూనె రాసిన పాత్రలో పెడతారు. గంటన్నర నుంచి రెండు గంటల్లో అది మళ్లీ పొంగుతుంది. ఈలోగా పిల్లల చదువులు, స్నానాలు, రాత్రి కూర అయిపోతాయి. 210 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడిలో 30 నుంచి 35 నిమిషాలు బేక్ చేస్తే మర్నాటి ఉదయానికి బ్రెడ్డు సిద్ధం. నిదానంగా పులిసినందువల్ల రుచి కూడా పెరుగుతుంది. ఎవరైనా ఇంటికి వచ్చి ఆ సాయంత్రం వీలు కాకపోతే, ముద్ద ఇంకో రాత్రి ఫ్రిజ్‌లో ఉన్నా పాడవదు. పిండి కోసం ఇల్లు ఆగకూడదు. ఇంటి కోసం పిండి ఆగాలి.

ఎప్పుడూ బేకింగ్ చేయలేదు. దేనితో మొదలుపెట్టాలి?

దయచేసి పుట్టినరోజు కేకుతో మొదలుపెట్టకండి. ఇంటినిండా చుట్టాలు, ఎదురుచూసే పిల్లలు, చేయి తిరగని పని... అన్నీ ఒకేరోజు వద్దు.

వెన్న బిస్కెట్లతో మొదలుపెట్టండి. తూకంలో 1 వంతు చక్కెర, 2 వంతులు వెన్న, 3 వంతులు మైదా. అంటే 100 గ్రాములు, 200 గ్రాములు, 300 గ్రాములు. చిటికెడు ఉప్పు. వెన్న, పొడి చేసిన చక్కెర కలిపి, పిండి చేర్చి, ముద్దగా చేసి, అరగంట చల్లబరచి, అర అంగుళం మందాన కోసి, 165 డిగ్రీల దగ్గర 18 నుంచి 22 నిమిషాలు ఉంచండి. అంచులు లేత బంగారు రంగుకు రాగానే తీసేయాలి. అప్పటికి మెత్తగానే ఉంటాయి, చల్లారాక గట్టిపడతాయి. ఇందులో పొంగాల్సింది ఏదీ లేదు కాబట్టి కుంగిపోయేదీ లేదు. మీ ఓవెన్ ఏ మూల ఎక్కువ కాలుస్తుందో కూడా ఈ బిస్కెట్లే చూపిస్తాయి.

కప్పులతో కొలవాలా, గ్రాములతో తూచాలా?

తూచండి. ఒకే కప్పులో పిండిని వదులుగా నింపితే 120 గ్రాములు, కుక్కి నింపితే 150 గ్రాములు పడుతుంది. మూడు కప్పులకు వచ్చేసరికి 90 గ్రాముల తేడా. "అదే కొలత వేశాను, ఈసారి గట్టిగా వచ్చింది" అనేవారిలో చాలామంది సమస్య ఇక్కడే ఉంది. వంటింటి త్రాసు ఒకటి ఉంటే గిన్నెను దానిమీద పెట్టి, ఒక్కో దినుసు వేసినప్పుడల్లా సున్నాకు తెచ్చుకుంటూ పోవచ్చు. కడగాల్సిన కప్పులు కూడా తగ్గుతాయి. పెద్ద చెంచా అంటే 15 మిల్లీలీటర్లు, చిన్న చెంచా అంటే 5 మిల్లీలీటర్లు, తలకొట్టి కొలవాలి.

రోజువారీ కూరలకు ఈ పట్టింపు అక్కర్లేదు. ఉప్పు తక్కువైతే కలుపుకోవచ్చు, పులుసు చిక్కబడితే నీళ్లు పోయవచ్చు. ఓవెన్‌లోకి వెళ్లినదాన్ని మధ్యలో సరిదిద్దలేం, అంతే తేడా.

వంటసోడా, బేకింగ్ పౌడర్ ఒకటేనా?

కాదు. వంటసోడా ఒంటరిగా సరిగ్గా పనిచేయదు. పెరుగు, మజ్జిగ, నిమ్మరసం, వెనిగర్ వంటి పులుపు తగిలితేనే బుడగలు పుట్టిస్తుంది. పులుపు చాలకపోతే కేకులో సబ్బు రుచి మిగిలిపోతుంది. బేకింగ్ పౌడర్‌లో సోడాతోపాటు పొడిరూపంలో ఉన్న ఆమ్లం, తేమ తగలకుండా కాపాడే పిండి ముందే కలిసి ఉంటాయి. తడి, వేడి తగిలితే చాలు. కప్పు పిండికి సోడా అయితే పావు చెంచా, బేకింగ్ పౌడర్ అయితే ఒక చెంచా సరిపోతుంది. చిన్న చెంచాతో సుమా.

బేకింగ్ పౌడర్ పుట్టుక కూడా ఒక ఇంటి కథే. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన భార్యకు గుడ్లు పడేవి కావు, ఈస్ట్ కూడా పడేది కాదు. ఆమె కోసం 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడిని, 1843లో ఈస్ట్ లేకుండా బ్రెడ్డు పొంగించే పౌడర్‌ను తయారుచేశాడు. ఇంట్లో ఒకరు తినలేకపోతున్నారని మొదలైన ప్రయత్నం ఇప్పుడు ఎన్నో ఇళ్ల అలమరల్లో డబ్బాగా ఉంది. ఆ డబ్బా తెరిచినప్పుడల్లా నాకు ఆ దంపతులు గుర్తొస్తారు.

పౌడర్ పాతబడిందేమో చూడాలంటే అర చెంచా పౌడర్ మీద వేడినీళ్లు పోయండి. గబగబా బుడగలు రాకపోతే పారేయండి. సోడాకైతే వేడినీళ్ల బదులు వెనిగర్ వాడండి.

ఈస్ట్ వేసినా పిండి పొంగలేదు. ఎందుకు?

సాధారణంగా మూడు కారణాలు. నీళ్లు మరీ వేడిగా ఉండటం, ఈస్ట్ పాతబడటం, గది చల్లగా ఉండటం. ఈస్ట్‌కు 35 నుంచి 40 డిగ్రీల నీళ్లు హాయి. అంటే మణికట్టు మీద పోసుకుంటే వెచ్చగా తెలియాలి, చురుక్కుమనకూడదు. 55 డిగ్రీలు దాటితే చచ్చిపోతుంది. అనుమానంగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో కాస్త చక్కెర, ఈస్ట్ వేసి 10 నిమిషాలు చూడండి. నురగ కట్టకపోతే ఆ ఈస్ట్ పనికిరాదు.

చల్లని గదికి విరుగుడు ఓర్పే. గడియారం చూసి కాదు, ముద్దను చూసి నిర్ణయించండి. వేలు తడిచేసి ముద్దలో గుచ్చితే గుంట వెంటనే పూడితే ఇంకా ఆగాలి. మెల్లగా, సగమే పూడితే ఓవెన్‌కు సిద్ధం. అసలు పూడకపోతే ఎక్కువ పులిసిందని అర్థం. అప్పుడు గాలి తీసి, మళ్లీ ఆకారం చేసి పెట్టుకోవచ్చు.

గోధుమపిండితో చేస్తే బ్రెడ్డు ఇటుకలా వస్తోంది.

పిండిలోని మాంసకృత్తులు నీళ్లతో కలిసి గ్లూటెన్ అనే సాగే వలను కడతాయి. గాలిని పట్టి ఉంచేది ఆ వలే. గోధుమపిండిలోని పొట్టు దాన్ని అడ్డుకుంటుంది, పైగా నీళ్లను ఎక్కువ పీలుస్తుంది. మొదట మూడోవంతు గోధుమపిండి, మిగతాది మైదా కలపండి. నీళ్లు కాస్త పెంచండి. కలిపాక, పిసకడానికి ముందు అరగంట నాననివ్వండి. చేయి కుదిరాక గోధుమపిండి వంతు పెంచుకుంటూ వెళ్లవచ్చు.

కేకు మధ్యలో కుంగిపోతోంది.

లోపల ఉడకకముందే ఓవెన్ తలుపు తీశారా? మొదటి మూడొంతుల సమయం తలుపు తీయకూడదు. లోపలి గోడలు గట్టిపడకముందు చల్లగాలి తగిలితే బుడగలు కూలిపోతాయి. బేకింగ్ పౌడర్ ఎక్కువైనా ఇదే జరుగుతుంది. కేకు జోరుగా లేచి, నిలబడే బలం లేక కూలుతుంది. చెక్కపుల్ల గుచ్చితే తడిపిండి అంటకుండా వచ్చేదాకా తీయవద్దు.

పాత్ర కొలత ఎవరూ పట్టించుకోని కారణం. 20 సెంటీమీటర్ల గుండ్రటి పాత్రకు రాసిన కొలతను 15 సెంటీమీటర్ల పాత్రలో పోస్తే పిండి దాదాపు రెట్టింపు ఎత్తు అవుతుంది. పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చిన్న పాత్ర ఉంటే దినుసులను కూడా సగం చేసుకోవాలి.

ఓవెన్ చూపించే అంకెను కూడా గుడ్డిగా నమ్మవద్దు. ఇళ్లలోని ఓవెన్లలో అసలు వేడికీ, మీటకూ 10, 20 డిగ్రీల తేడా ఉండటం మామూలే. లోపల పెట్టే చిన్న థర్మామీటరు కొనుక్కోండి. ఫ్యాను తిరిగే ఓవెన్ అయితే రాసిన వేడికంటే 20 డిగ్రీలు తగ్గించాలి.

ఓవెన్ లేదు. పొయ్యి మీద కుదురుతుందా?

కుదురుతుంది. మందపాటి అడుగున్న పెద్ద గిన్నెలో చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి, మధ్యస్థమైన మంట మీద 10 నిమిషాలు వేడిచేయండి. తర్వాత కేకు పాత్రను స్టాండు మీద ఉంచి, మూతవేసి, సన్నని సెగ మీద 40 నుంచి 50 నిమిషాలు ఉంచండి. ప్రెషర్ కుక్కర్ వాడితే రబ్బరు, విజిల్ తప్పనిసరిగా తీసేయాలి. లోపల ఒత్తిడి పేరుకోకూడదు. కేకు పైభాగం ఎర్రబడదు, అది లోపం కాదు. వేడి కిందినుంచి వస్తోంది కాబట్టి అంతే. మూత లోపలివైపు బట్ట కట్టి, అంచులు మంటకు అందకుండా పైకి ముడివేస్తే ఆవిరి చుక్కలు కేకు మీద పడవు.

మామూలు మైక్రోవేవ్‌లో కేకు ఉడుకుతుంది కానీ రంగు రాదు. బ్రెడ్డుకు, బిస్కెట్లకు ఆ ఎరుపు, ఆ వాసన ఇచ్చే చర్యను లూయీ కమీ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1912లో వివరించాడు. అది జోరందుకోవాలంటే పైభాగం ఆరి, వేడి 140 డిగ్రీల దరిదాపులకు చేరాలి. తడిగా ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు.

చక్కెర తగ్గించవచ్చా?

నాలుగోవంతు తగ్గిస్తే దాదాపు ఏ కేకుకూ నష్టం లేదు, తేడా కూడా తెలియదు. సగానికి తగ్గిస్తే తెలుస్తుంది. చక్కెర తీపి కోసమే కాదు, తేమను పట్టి ఉంచి మెత్తదనం ఇస్తుంది, రంగు ఇస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం, మనం చేర్చుకునే చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతం దాటకూడదు. 2000 కేలరీలు తినేవారికి అది 50 గ్రాములు. అందుకే నా సలహా, కేకు తీపిని పూర్తిగా చంపకండి. ముక్క చిన్నది చేయండి, వారానికి ఒకసారి చేయండి. మిగతా రోజులు బ్రెడ్డు చేయండి.

గుడ్డు లేకుండా?

రెండు గుడ్ల వరకు పడే కేకుల్లో ఒక్కో గుడ్డు బదులు 60 గ్రాముల పెరుగు వేయవచ్చు. లేదా ఒక పెద్ద చెంచా అవిసె గింజల పొడిని మూడు పెద్ద చెంచాల నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి వేయవచ్చు. గుడ్ల నురగ మీదే నిలబడే స్పంజి కేకులకు మాత్రం ఇవి సరిపోవు. మొదటి నుంచీ గుడ్డు లేకుండా రాసిన పద్ధతిని ఎంచుకోండి.

పిల్లలను వంటింట్లోకి రానివ్వవచ్చా?

రానివ్వాలి. ఈ జవాబు కొంచెం పెద్దది, ఎందుకంటే నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

మూడేళ్ల పిల్లలు కూరగాయలు కడుగుతారు, ఆకులు తుంచుతారు, పొడిపిండి కలుపుతారు. ఐదారేళ్లకు త్రాసు మీద అంకెలు చదువుతూ తూచగలరు. మా చిన్నమ్మాయికి వందలు, పదుల లెక్క పుస్తకంలోకంటే ముందు త్రాసు మీద వచ్చింది. ఏడెనిమిదేళ్లకు గుడ్డు పగలగొడతారు, పక్కన మీరుంటే మెత్తటివి కోస్తారు. పదకొండు, పన్నెండేళ్లకు పెద్దవాళ్లు దగ్గరుండగా పొయ్యి దగ్గర నిలబడగలరు. ఈ వయసులు గీత గీసినట్టు ఉండవు. మీ పిల్లల నిదానం మీకే తెలుసు.

ముందే ఒప్పుకోవాల్సిన విషయం, పిల్లలతో చేస్తే పని రెట్టింపు సమయం పడుతుంది, నేలంతా పిండి అవుతుంది. అందుకే హడావుడి సాయంత్రం పిలవవద్దు. గంట తీరిక ఉన్న రోజు పిలవండి. ఉత్తుత్తి పని ఇవ్వవద్దు కూడా. పక్కన బొమ్మగిన్నె పెట్టి ఆడుకోమంటే వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. రాత్రి అందరూ తినబోయే బ్రెడ్డు పిండినే వాళ్ల చేతికివ్వండి. ఆకారం వంకరగా వస్తే రానివ్వండి. వాళ్లు చూడకుండా మీరు సరిచేసిన రోజు ఆ బ్రెడ్డు వాళ్లది కాకుండా పోతుంది. నేను ఒకసారి అలా చేశాను. మా పెద్దవాడు గమనించి నెలరోజులు పిండి ముట్టలేదు.

గిన్నె పిడులు పొయ్యి లోపలివైపుకు తిప్పి ఉంచండి. కత్తి పట్టుకున్నప్పుడు మాటలు ఆపడం నేర్పండి. ఐదేళ్లలోపు పిల్లలకు బాదం, జీడిపప్పు వంటివి ముక్కలు చేయకుండా ఇవ్వకూడదు, గొంతులో అడ్డుపడతాయి. ఏడాది నిండని పసివాళ్లకు తేనె అసలు పెట్టకూడదు, వండినదాంట్లో కూడా వద్దు.

కేకు గిన్నె నాకితే ఏమవుతుంది?

పచ్చిగుడ్డుతో సాల్మొనెల్లా భయం ఉన్నట్టే, పచ్చి పిండిలోనూ జబ్బుచేసే ఈ-కోలి వంటి బ్యాక్టీరియా ఉండవచ్చు. పిండి చూడటానికి పొడిగా ఉన్నా అది వండని ధాన్యమే. పిల్లలకు పిండి కలవకముందు వెన్న, చక్కెర మిశ్రమం ఒక చెంచా తీసి ఇవ్వండి. గొడవ ఉండదు.

మా అబ్బాయి కొత్త కూర ఏదీ ముట్టడు.

కొత్త రుచిని ఒప్పుకోవడానికి కొందరు పిల్లలకు 10, 15 సార్లు పడుతుంది. రెండుసార్లు వద్దన్నాడని మానేస్తే ఆ కూర వాడి జీవితంలోంచి వెళ్లిపోయినట్టే. ఒక ముక్క పళ్లెంలో పెట్టండి, బతిమాలవద్దు, బెదిరించవద్దు, తింటే కేకు ఇస్తానని ఆశపెట్టవద్దు. ఆశపెడితే కూర శిక్ష అనీ, కేకు బహుమతి అనీ వాడు నేర్చుకుంటాడు. మీరు మాత్రం అదే కూర వాడి ఎదుట ఇష్టంగా తినండి.

వంట భారమంతా నా ఒక్కదాని మీదే పడుతోంది. ఏం చేయను?

ఈ ప్రశ్నను గొంతు తగ్గించి అడుగుతారు. తగ్గించాల్సిన అవసరం లేదు. వంటలో బరువైనది గరిట తిప్పడం కాదు, "రేపు ఏం వండాలి, ఏమి నిండుకుంది, ఎవరికి ఏది పడదు" అని ఎప్పుడూ ఒకే తల మోయడం. "చెప్పు, సాయం చేస్తాను" అనే మాట ఆ బరువును తగ్గించదు, ఎందుకంటే చెప్పే పని మళ్లీ మీదే.

మా ఇంట్లో పనులు కాకుండా పూటలు పంచుకున్నాం. మంగళవారం రాత్రి భోజనం ఒకరిదంటే ఏం వండాలో ఆలోచించడం, సరుకులు చూసుకోవడం, వండటం, పొయ్యి తుడవడం అన్నీ వాళ్లవే. రెండోవారు ఆ పూట సలహాలివ్వరు. మొదటి రెండు నెలలు అన్నం మెత్తబడింది, కూర అడుగంటింది. అయినా కలగజేసుకోలేదు. ఇప్పుడు నాలుగు పూటలు నావి కావు.

బ్రెడ్డు ఫ్రిజ్‌లో పెట్టవచ్చా?

వద్దు. ఫ్రిజ్ చల్లదనంలో బ్రెడ్డులోని పిండిపదార్థం మళ్లీ గట్టిపడి, బయట ఉన్నదానికంటే త్వరగా ఎండినట్టవుతుంది. రెండు రోజులకు సరిపడా బయట డబ్బాలో ఉంచి, మిగతాది ముక్కలు కోసి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి. కావలసినప్పుడు నేరుగా పెనం మీద వేడిచేసుకోవచ్చు.

మిగిలిన అన్నం సంగతి?

బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. కాబట్టి వెడల్పు పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి, ఒక రోజులో తినేయండి. ఒక్కసారే, పొగలు కక్కేలా వేడిచేయండి.

కాలితే, నూనె అంటుకుంటే?

కాలినచోట 20 నిమిషాలు చల్లని కుళాయి నీళ్లు పారనివ్వండి. మంచుముక్క, టూత్‌పేస్టు, వెన్న వద్దు. నూనె అంటుకుంటే మంట ఆపి, మూతపెట్టి, చల్లారేదాకా తీయకండి. నీళ్లు మాత్రం చల్లకూడదు, మంట ఎగసిపడుతుంది. ఈ రెండూ ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఓవెన్‌లోంచి తీసిన బ్రెడ్డు ఎంతసేపటికి కోయాలి?

కనీసం గంట ఆగాలి. బయటకు తీశాక కూడా లోపల ఆవిరి సర్దుకుంటూ ఉంటుంది. వేడిమీద కోస్తే లోపల జిగురుగా కత్తికి అంటుకుంటుంది. పాత్రలోంచి తీసి జాలీ మీద పెట్టండి, లేకపోతే అడుగు చెమర్చి మెత్తబడుతుంది. ఆ గంట మా పిల్లలకు చాలా పెద్దది. బ్రెడ్డు చల్లారేటప్పుడు పైపెచ్చు చిటపటమంటుంది. వాళ్లు బల్లకు చెవి ఆనించి అది వింటారు. గంట అయ్యాక మొదటి చివరిముక్క ఆ రోజు పిండి పిసికినవారికి వెళుతుంది.